అడాస్ ఉన్న వేరియంట్‌కి రెండు లక్షలు ఎక్కువ పెట్టొచ్చా? మన రోడ్ల మీద వాడుతున్నవాళ్లు చెప్పండి

పాలేరు_వాగు | సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మిడ్ సైజ్ ఎస్‌యూవీ తీసుకుందామని ఇంట్లో ఖాయమైంది. రంగు దగ్గర మాత్రం ఇంకా పంచాయితీ నడుస్తోంది. మాది ఖమ్మం. హైదరాబాద్‌కి తరచూ వెళ్లొస్తుంటాం, ఏడాదికోసారి తిరుపతి. మిగతా రోజుల్లో ఊళ్లో, పొలానికి.

మేం చూసిన కారులో ఒక వేరియంట్‌కి ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (కారు జారి అదుపు తప్పకుండా చూసేది), వెనక కెమెరా ఉన్నాయి. దాని పైదాంట్లో అవన్నీ ఉండి, లెవెల్ 2 అడాస్ (కెమెరా, రాడార్లతో బ్రేకు, స్టీరింగ్ దగ్గర డ్రైవర్‌కి సాయం చేసేది), సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ అదనం. తేడా దగ్గర దగ్గర రెండు లక్షలు. షోరూం కుర్రాడు "కారు దానంతటదే నడుస్తుంది సార్, మీరు ఊరికే కూర్చోవడమే" అన్నాడు. టెస్ట్ డ్రైవ్‌కి మాత్రం బైపాస్ దాకా కూడా పోనివ్వలేదు, రెండు సందులు తిప్పి తెచ్చి పెట్టేశాడు. నాన్నగారేమో "బ్రేకు మన కాలి కింద ఉండాలి గానీ కంప్యూటర్ చేతిలో పెడితే ఎట్లా" అంటున్నారు.

వాడుతున్నవాళ్లు నిజం చెప్పండి. ఇది మన రోడ్లకి పనికొస్తుందా, లేక అమ్ముకోవడానికి పెట్టిన మాటా?

---

డీజిల్ బాబాయ్ | సోమవారం, రాత్రి 9:31

మీ నాన్నగారికి నా తరఫున ఒక దండం. ఆ రెండు లక్షలు బ్యాంకులో వేసుకోండి తమ్ముడూ, ఇంకో రెండు సెట్ల మంచి టైర్లు వస్తాయి. గేదెకి ఇండికేటర్ ఉండదు, ఆటోకి అద్దం ఉండదు, బైకు రాంగ్ రూట్లోనే వస్తుంది. జర్మనీ రోడ్లకి రాసిన ప్రోగ్రాం వీటన్నిటినీ చూసి ఏమనుకుంటుంది?

---

ఎన్‌హెచ్65_రెగ్యులర్ | సోమవారం, రాత్రి 10:20

బాబాయ్ గారూ, మీ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం గురించి రాస్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

పని మీద హైదరాబాద్, విజయవాడ మధ్య ఎప్పుడూ తిరుగుతుంటాను. నా కారులో ముందు రాడార్, అద్దం మీద కెమెరా, వెనక బంపర్ రెండు మూలల్లో రాడార్లు ఉన్నాయి. అసలు అడాస్ అనేది ఒక వస్తువు కాదు, ఏడెనిమిది పనులకి కలిపి పెట్టిన పేరు. ఒక్కొక్కటి విడిగా చూడాలి.

అడాప్టివ్ క్రూయిజ్: ముందు బండికి దూరం పాటిస్తూ వేగం తగ్గించి పెంచుతుంది. ఓఆర్ఆర్ మీద, పంతంగి టోల్ దాటాక ఖాళీ రోడ్డు మీద చాలా హాయి. కానీ దూరం ఎక్కువ పెట్టుకుంటే ఆ ఖాళీలోకి ఒక కారు దూరుతుంది. మన బండి తగ్గుతుంది. మళ్లీ ఇంకొకరు దూరతారు. తగ్గుతూ తగ్గుతూ మనం వెనక్కి పోతున్నామా అనిపిస్తుంది. చౌటుప్పల్, సూర్యాపేట దగ్గర రద్దీలో నేను ఆపేస్తాను.

లేన్ కీప్ అసిస్ట్: తెల్ల గీతలు బాగున్న చోట స్టీరింగ్‌ని మెల్లగా మధ్యకి తెస్తుంది. మన దగ్గర గుంత తప్పించడానికో, పక్కనుంచి వచ్చే బైకుకి దారివ్వడానికో గీత దాటుతాం కదా, అప్పుడు స్టీరింగ్ ఎదురు లాగుతుంది. మొదటిసారి చెయ్యి జారినంత పనవుతుంది. ఇండికేటర్ వేస్తే లాగదు. దీని పుణ్యమా అని మా బావమరిదికి జీవితంలో మొదటిసారి ఇండికేటర్ అలవాటైంది, అది వేరే సంగతి. ఊళ్లోకి వచ్చేసరికి దీన్ని పూర్తిగా ఆపేయడమే మేలు.

బ్లైండ్ స్పాట్ హెచ్చరిక: నన్నడిగితే డబ్బులు దీనికే ఇవ్వొచ్చు. అద్దంలో కనపడని మూలలో బైకు ఉంటే అద్దం మీద చిన్న పసుపు దీపం వెలుగుతుంది. ఆగిన కారులోంచి వెనక సీటు పిల్లలు తలుపు తీసేటప్పుడు వెనకనుంచి వచ్చే బైకుని చూసి అరిచేది కూడా ఇదే రాడార్, ఆ ఫీచర్ ఉన్న కార్లలో. మన ఊళ్లలో డోర్ తగిలి పడిపోయిన బైకువాళ్లని ఎంతమందిని చూళ్లేదు?

ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేక్, అంటే ఏఈబీ: దీన్ని మాత్రం ఎప్పుడూ ఆపను. నల్గొండ జిల్లాలో ఒక ఊరి జంక్షన్ దగ్గర ముందు వెళ్తున్న వ్యాన్ ఉన్నట్టుండి ఆగింది. నా కాలు బ్రేకు మీదికి పోయేలోపే కారు అరిచింది, పెడల్ అప్పటికే లోపలికి దిగి ఉంది. నా కాలు దాని మీద పడి మిగతాది తొక్కింది. తగిలేదో లేదో చెప్పలేను. కానీ ఆ ముందరి అర సెకను నాది కాదు.

---

డీజిల్ బాబాయ్ | సోమవారం, రాత్రి 10:34

అర సెకనుకి రెండు లక్షలా?

---

పిక్సెల్ | సోమవారం, రాత్రి 11:05

అర సెకను అంటే ఎంతో లెక్క వేద్దాం బాబాయ్ గారూ. గంటకి 80 కి.మీ. అంటే సెకనుకి 22 మీటర్లు. అర సెకనులో 11 మీటర్లు, మూడు కార్ల పొడవుకి దగ్గర.

ఇంకో మాట. ఏఈబీ గుద్దుకోవడాన్ని పూర్తిగా ఆపలేకపోయినా, 80లో తగలాల్సింది 40లో తగిలితే దెబ్బ సగం కాదు, నాలుగో వంతు. వేగం సగమైతే శక్తి నాలుగో వంతవుతుందని స్కూల్ ఫిజిక్స్‌లో చదివిందే. ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు పని అక్కడ తేలికవుతుంది. అందుకే "బ్రేకు వేసినా తగిలింది కదా, వేస్ట్" అనేవాళ్ల మాటతో నేను ఏకీభవించను.

నేను ఈ రంగంలోనే పని చేస్తాను, కెమెరా బొమ్మల్ని సాఫ్ట్‌వేర్‌తో గుర్తుపట్టించే పని. ఏ కంపెనీయో అడగొద్దు.

---

ష్టుట్‌గార్ట్ తెలుగమ్మాయి | మంగళవారం, ఉదయం 4:40

నాది ఇక్కడి అనుభవం, మీకు ఎంత పనికొస్తుందో చూడండి.

యూరప్‌లో ఇవి టాప్ మోడల్ సరుకు కాదిప్పుడు. 2022 జులై నుంచి కొత్త మోడళ్లకి, 2024 జులై 7 నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ ఏఈబీ, లేన్ సహాయం, నిద్రమత్తు హెచ్చరిక, వేగ పరిమితి గుర్తుచేసే ఐఎస్ఏ తప్పనిసరి చేశారు. చిన్న కారు కొన్నా ఇవన్నీ ఉంటాయి.

ఇందులో ఐఎస్ఏ అంత విసుగు తెప్పించేది ఇంకోటి లేదు. పక్క రోడ్డుకి పెట్టిన 30 బోర్డు చూసి, మనం హైవే మీద ఉంటే "ఎక్కువ పోతున్నావ్" అని బీప్ బీప్ అంటుంది. ఆపేయొచ్చు, కానీ కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ ఆన్ అయి కూర్చుంటుంది, చట్టమే అలా ఉంది. నేను సీటు బెల్టు పెట్టుకోవడం, అది ఆపడం ఒకే ఊపులో చేస్తాను.

ఒక పాత కథ. ఇక్కడి మెర్సిడెస్ కంపెనీ 1997లో ఏ-క్లాస్ అనే చిన్న కారు తెచ్చింది. స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు దుప్పి అడ్డొస్తే తప్పించినట్టు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి చూశారు. కారు బోల్తా కొట్టింది. పరువు పోయింది. అప్పటిదాకా ఖరీదైన ఎస్-క్లాస్‌లో 1995 నుంచి పెడుతున్న ఈఎస్‌పీని ఆ చిన్న కారులో అన్నిటికీ పెట్టేశారు. మీరు ఈఎస్‌సీ అంటున్నది అదే. కాబట్టి పాలేరు గారూ, మీ కింది వేరియంట్‌లో ఈఎస్‌సీ ఉందంటే సగం యుద్ధం గెలిచినట్టే. అది లేకుండా అడాస్ ఉన్నా దండగ.

---

బ్లాక్ కాఫీ | మంగళవారం, ఉదయం 8:02

మన దగ్గర లెక్క కూడా ఒకసారి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) అన్ని కార్లకీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. బోష్ వాళ్లు మొదట కారులో పెట్టింది 1978లో. నలభై ఏళ్లు. ఆ లెక్కన అడాస్ తొందరగానే వచ్చింది. 2020లో ఎంజీ గ్లోస్టర్, 2021లో ఎక్స్‌యూవీ700, ఆ తర్వాత వెర్నా, సెల్టోస్, హారియర్, ఎలివేట్. 2024 డిసెంబర్‌లో అమేజ్ లాంటి చిన్న సెడాన్‌కి వచ్చేసింది. 2025లో మారుతి విక్టోరిస్. రెండేళ్లు ఆగితే కింది వేరియంట్లకి కూడా దిగుతుందని నా అంచనా.

---

పాలేరు_వాగు | మంగళవారం, ఉదయం 8:45

రెండేళ్లు ఆగితే మా ఆవిడ ఆగదు అన్నా 😀

పిక్సెల్ గారూ, ఒక సందేహం. యాసంగి కోతలప్పుడు మా వైపు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. రాత్రికి కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి పోతారు. చీకట్లో లైటు వేసుకుని వచ్చేవాడికి కూడా దగ్గరికొచ్చే దాకా కనపడదు. దీన్ని మీ ఏఈబీ చూస్తుందా?

---

పిక్సెల్ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

చూడదనే అనుకుని నడపండి.

ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. కారు ముందున్న రాడార్ 77 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగాలు పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి దూరం, వేగం కనుక్కుంటుంది. మంచులో, చీకట్లో కూడా పనిచేస్తుంది. కదిలే వస్తువులంటే దానికి బాగా తెలుస్తుంది. చిక్కంతా ఆగి ఉన్నవాటితోనే. రోడ్డు పక్క బోర్డు, ఫ్లైఓవర్, డివైడర్, మ్యాన్‌హోల్ మూత, ఇవన్నీ ఆగి ఉన్న వస్తువులే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు నడవదు. అందుకే చాలాకాలం వరకు ఆగి ఉన్న వస్తువుల్ని రాడార్ లెక్కలోంచి తీసేసేవారు, లేదా కెమెరా కూడా "అవును, అది బండే" అంటేనే నమ్మేవారు. హైవే వేగంలో ఆగి ఉన్న లారీని క్రూయిజ్ పట్టించుకోకపోవచ్చని చాలా కంపెనీల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఆ పేజీ ఎవరూ చదవరు.

ఇక కెమెరా. అది నేర్చుకున్న బొమ్మల్నే గుర్తుపడుతుంది. కారు వెనక భాగం, లారీ వెనక భాగం, మనిషి, సైకిల్. వరిగడ్డి కట్టలు అటూ ఇటూ వేలాడుతున్న ట్రాక్టర్ ట్రాలీ వెనకనుంచి ఎలా ఉంటుంది? దానికి లైట్లు లేవు, నంబర్ ప్లేటు లేదు, టైర్లు కనపడవు. మనిషికే గడ్డివాము కదులుతున్నట్టు ఉంటుంది.

పరిశోధకులు తొలినాళ్లలో వాడిన పేరున్న డేటాసెట్లలో (సాఫ్ట్‌వేర్‌కి నేర్పడానికి పోగుచేసిన ఫోటోలు) ఒకటి సిటీస్కేప్స్, ఎక్కువగా జర్మనీ నగరాల వీధుల ఫోటోలతో చేసింది. మన వీధి అందులో ఎక్కడుంది? అందుకే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు ఇంటెల్‌తో కలిసి హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన పదివేల ఫోటోలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారు చేశారు, 2018లో. అందులో ఆటోకి విడిగా ఒక తరగతి, జంతువుకి ఒకటి. రోడ్డు అంచు ఎక్కడ ముగుస్తుందో, మట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియని చోటు కూడా గుర్తించేలా పెట్టారు. ఇది చూసినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. ఇప్పుడు ఇక్కడ అమ్మే కార్లకి కంపెనీలు మన రోడ్ల మీద విడిగా పరీక్షలు చేసి సర్దుతున్నాయి, కాబట్టి ఆటో, బైకు విషయంలో బాబాయ్ గారు భయపడినంత లేదు.

కానీ వడ్ల కుప్ప మనిషి కాదు, బండి కాదు, ఎత్తు కూడా తక్కువ. దాన్ని చూడాల్సింది మీ హెడ్‌లైటూ మీ కళ్లూ.

---

డీజిల్ బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:26

మరి నేనన్నదీ అదే కదయ్యా.

---

ఫ్రిస్కో గోంగూర | మంగళవారం, రాత్రి 7:50

పిక్సెల్ గారు చెప్పినదానికి ఇక్కడి లెక్కలు కలుపుతాను. అమెరికాలో ఐఐహెచ్ఎస్ అని ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే సంస్థ ఉంది. ముందు హెచ్చరిక, ఏఈబీ రెండూ ఉన్న కార్లు ముందు బండిని వెనకనుంచి గుద్దడం సగానికి తగ్గిందని వాళ్ల పరిశీలన. రోడ్డు దాటే మనుషుల్ని గుద్దడం 27 శాతం తగ్గింది. అయితే వీధి దీపాలు లేని చీకటి రోడ్ల మీద ఈ రెండో దాంట్లో తేడా ఏమీ కనపడలేదు. సున్నా.

ఇప్పుడు మన హైవేలు తలుచుకోండి. ఊరి మధ్యనుంచి పోయే రోడ్డు, దీపాలుండవు, నల్ల లుంగీ కట్టుకుని పొలంనుంచి వచ్చే మనిషి. అమెరికా ప్రభుత్వం 2024లో ఇచ్చిన నిబంధనలో రాత్రిపూట కూడా మనిషిని గుర్తుపట్టి తీరాలని పెట్టింది, 2029 సెప్టెంబర్‌కల్లా అన్ని కొత్త కార్లూ అలా రావాలని అప్పుడు గడువు పెట్టింది. అంటే ఇంకా టైముంది. రాత్రి ప్రయాణంలో దీని మీద భరోసా పెట్టుకోవద్దు.

ఇంకోటి, "కారు దానంతటదే నడుస్తుంది" అన్న మాట. 2016లో ఫ్లోరిడాలో ఆటోపైలట్ మీద పోతున్న టెస్లా, రోడ్డుకి అడ్డంగా మలుపు తిరుగుతున్న పెద్ద ట్రక్కు కిందికి దూసుకుపోయింది. తెల్లటి ట్రక్కు, వెనక వెలుతురున్న ఆకాశం. కారు బ్రేకు వేయలేదు, మనిషీ వేయలేదు. డ్రైవర్ చనిపోయాడు. మనిషి యంత్రాన్ని అతిగా నమ్మాడనీ, అలా నమ్మేందుకు ఆ ఏర్పాటు కూడా వీలిచ్చిందనీ దర్యాప్తు సంస్థ తేల్చింది.

---

రీల్స్_రాజా | మంగళవారం, రాత్రి 8:15

బ్రో ఇవన్నీ పాతవి. మా ఫ్రెండ్ ఓఆర్ఆర్ మీద 100లో చేతులు వదిలేసి బిర్యానీ తిన్నాడు, వీడియో ఉంది, లింక్ ఇదిగో [లింక్ తొలగించబడింది]

---

మోడరేటర్ | మంగళవారం, రాత్రి 8:22

లింక్ తీసేశాను. స్టీరింగ్‌కి నీళ్ల సీసా వేలాడదీసి చేతులున్నట్టు మోసం చేసే చిట్కాలు కూడా ఇక్కడ పెట్టొద్దు. రెండోసారి హెచ్చరిక ఉండదు.

---

ష్టుట్‌గార్ట్ తెలుగమ్మాయి | బుధవారం, ఉదయం 3:15

రాజా గారూ, చేతులు వదిలేసే కారు ఇక్కడ చట్టబద్ధంగానే ఉంది, లెవెల్ 3. మెర్సిడెస్ డ్రైవ్ పైలట్, 2022 మేలో వచ్చింది. మొదట గంటకి 60 లోపే, అదీ ఆటోబాన్ మీద, ముందు బండి ఉన్నప్పుడు. 2024 చివరికి 95 దాకా అనుమతి ఇచ్చారు. దానికి లైడార్ (లేజర్‌తో దూరం కొలిచేది), అదనపు బ్రేకు, అదనపు స్టీరింగ్ ఏర్పాటు, సెంటీమీటర్ల లెక్కన మ్యాపు. "ఇక నువ్వు పట్టుకో" అని చెప్పాక డ్రైవర్‌కి పది సెకన్లు గడువిస్తుంది. మీ ఫ్రెండ్ కారుకి ఇవేవీ లేవు. లెవెల్ 2లో గడువు అనే మాటే లేదు, ఏ క్షణానైనా చేతులెత్తేయొచ్చు. గుద్దితే బాధ్యత మొత్తం స్టీరింగ్ ముందున్న మనిషిదే.

---

గ్యారేజ్ అన్న | బుధవారం, మధ్యాహ్నం 12:40

కొనేటప్పటి ముచ్చట అందరూ చెప్పిన్రు, కొన్నాక సంగతి నేను చెప్తా.

పోయిన ఎండాకాలం ఒక కస్టమర్ వచ్చిండు. "ఖాళీ రోడ్డు మీద పోతుంటే కారు ఊరికే బ్రేకు కొడుతోంది అన్నా, వెనకోడు తిడుతుండు" అని. ఏం మార్చినవ్ అంటే ఏం మార్చలే అన్నడు. ముందుకెళ్లి చూస్తే అద్దం కొత్తది. రాయి తగిలి పగిలితే బయట ఎక్కడో షాపులో చవగ్గా వేయించిండు. కెమెరా తీసి కొత్త అద్దానికి బిగించి పంపిన్రు, అంతే. క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపు సరిగ్గా కుదిర్చుడు, చెయ్యలేదు.

ఆ కెమెరా ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే ఏమైతదో తెలుసా? వంద మీటర్ల దూరంలో ఒకటిముప్పావు మీటరు తేడా వస్తది. హైవే లేన్ వెడల్పు మూడున్నర మీటర్లు. అంటే సగం లేన్. పక్క లేన్‌లో పోయే లారీ మన లేన్‌లో ఉన్నట్టు లెక్క కడతది. బ్రేకు కొట్టక ఏం చేస్తది?

క్యాలిబ్రేషన్ రెండు రకాలు. ఒకటి, ఎగుడుదిగుడు లేని నేల మీద కారు నిలబెట్టి, ముందు కొలిచిన దూరంలో గళ్ల బోర్డు పెట్టి స్కానర్‌తో సెట్ చేసుడు. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలె, డిక్కీలో బరువుండొద్దు. రెండోది, స్కానర్ పెట్టి, గీతలు మంచిగున్న రోడ్డు మీద చెప్పిన వేగంలో నడిపి సెట్ చేసుడు. ఏది చెయ్యాల్నో కారుని బట్టి ఉంటది. జిల్లా కేంద్రాల్లో అన్ని సర్వీస్ సెంటర్లలో బోర్డు, జాగా ఉండవు. కొనే ముందే "అద్దం మారిస్తే క్యాలిబ్రేషన్ ఇక్కడే చేస్తరా, హైదరాబాద్ పంపుతరా" అని అడుగు తమ్మీ. ఇన్సూరెన్స్‌లో ఆ చార్జీ వస్తదా అని కూడా అడుగు, కాగితం మీద రాయించుకో.

బంపర్ సంగతి. రాడార్ ముందున్న ప్లాస్టిక్ మీద గీత పడిందని లప్పం పెట్టి మందంగా పెయింట్ కొడితే రాడార్‌కి చూపు మందగిస్తది. ముందు స్టీల్ గార్డు బిగించుడు 2017 డిసెంబర్ నుంచే బంద్, ఎయిర్‌బ్యాగులకి కూడా ముప్పు. అయినా బిగించమని వస్తరు. ఫాస్టాగ్‌ని కెమెరా కన్ను ముందు అంటించుకుని వచ్చినోళ్లని కూడా చూసిన. అద్దం మీద సన్ ఫిల్మ్, కెమెరా పక్కనే డాష్‌క్యామ్, దేవుడి స్టిక్కర్. దేవుణ్ణి డాష్‌బోర్డు మీద పెట్టుకోండి.

---

పాలేరు_వాగు | బుధవారం, మధ్యాహ్నం 2:05

అన్నా, ఇది ఏ యూట్యూబ్ రివ్యూలోనూ వినలేదు. ఫోన్ చేసి అడిగాను. క్యాలిబ్రేషన్ అన్న మాటకే అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత "మేనేజర్‌తో మాట్లాడి చెప్తాం సార్" అన్నారు.

---

ఎన్‌హెచ్65_రెగ్యులర్ | బుధవారం, మధ్యాహ్నం 2:30

గ్యారేజ్ అన్నకి దండం. వానాకాలం మాట కూడా కలపండి. కుండపోత వానలో కెమెరాకి కనపడక "అందుబాటులో లేదు" అని స్క్రీన్ మీద మెసేజ్ వేసి ఊరుకుంటుంది. మనకి సాయం ఎక్కువ కావాల్సిన సమయంలోనే అది సెలవు పెడుతుంది. సంక్రాంతి పొగమంచులో మాత్రం రాడార్ ఉన్న కారు కాస్త నయం, కెమెరా ఒక్కటే ఉన్నది మనలాగే గుడ్డిది. కాబట్టి కొనేటప్పుడు "రాడార్ ఉందా, కెమెరా ఒక్కటేనా" అని అడగడం మర్చిపోవద్దు.

పాలేరు గారూ, టెస్ట్ డ్రైవ్ బైపాస్ మీదే కావాలని పట్టుబట్టండి. ఏఈబీని పరీక్షించే సాహసం మాత్రం చేయొద్దు. అలారం ఎంత ముందు మోగుతోంది, లేన్ కీప్‌ని ఒక్క బటన్‌తో ఆపొచ్చా లేక స్క్రీన్‌లో నాలుగు మెనూలు దాటాలా, ఆపినది మళ్లీ స్టార్ట్ చేస్తే ఆపినట్టే ఉంటుందా, ఇవి చూడండి. మెనూల్లో వెతుక్కోవాల్సిన కారైతే కొన్నాళ్లకి మీరు విసిగి అన్నీ కలిపి ఆపేస్తారు. మా ఆఫీసులో చాలామంది చేసింది అదే. ఏఈబీ కూడా అందులోనే పోతుంది.

---

పది టైర్లు | బుధవారం, రాత్రి 9:48

కార్లవాళ్ల మధ్యలోకి లారీవాడు వచ్చాడని అనుకోకండి. విజయవాడ ఆటోనగర్ నుంచి రాస్తున్నాను, రెండు లారీలున్నాయి.

మీ కారు దానంతటదే గట్టిగా బ్రేకు వేస్తుంది, బాగుంది. మీ వెనక లోడుతో 28 టన్నుల బండి ఉందనుకోండి. ఎయిర్ బ్రేకుకి గాలి పైపుల్లో పోయి పట్టుకోవడానికే కాస్త సమయం పడుతుంది. మీరు ఆగిన చోట నేను ఆగలేను. అందుకని వెనక ఎవరున్నారో అద్దంలో చూసుకుంటూ ఉండండి, మీ కంప్యూటర్ ఆ పని చేయదు.

రెండోది, మీరంతా ఆగి ఉన్న లారీని తిడుతున్నారు. నిజమే. బండి చెడిపోతే వెనక రాళ్లు, చెట్టుకొమ్మలు పెడతారు, బాగయ్యాక రాళ్లు అక్కడే వదిలేసి పోతారు. వెనక రేడియం టేపు ఉండదు, ఉన్నా బురద. ఇది మావాళ్ల తప్పే. కానీ ఆపుకోవడానికి చోటు ఎన్ని కిలోమీటర్లకి ఒకటి ఉందో కూడా చూడండి.

తెల్లవారుజామున మూడు, ఐదు మధ్య మా డ్రైవర్లకి నిద్ర ముంచుకొస్తుంది. మీకు అడాస్ కావాలో వద్దో ఎంచుకునే వీలుంది. అది అసలు కావాల్సింది మా బండ్లకి.

---

పిక్సెల్ | బుధవారం, రాత్రి 10:30

నూటికి నూరుపాళ్లు నిజం సార్. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 75 వేల మంది టూ వీలర్ మీద వెళ్తున్నవాళ్లు. కారులో కూర్చున్నవాళ్ల గురించి మనం ఇన్ని పోస్టులు రాశాం. బైకు మీదున్నవాడికి కారులోని ఏఈబీ ఎంత అవసరమో, లారీలో ఉండటం అంతకన్నా అవసరం.

కేంద్ర రవాణా శాఖ 2025లో భారీ వాహనాలకి, బస్సులకి ఎమర్జెన్సీ బ్రేకు, నిద్రమత్తు హెచ్చరిక, లేన్ హెచ్చరిక తప్పనిసరి చేస్తూ ముసాయిదా ఇచ్చింది. కార్లకన్నా ముందు అటు చూడటం నాకు నచ్చింది. భారత్ ఎన్‌క్యాప్ (మన దేశపు క్రాష్ టెస్ట్) స్టార్లలో చూస్తే, 2023లో మొదలైన పద్ధతిలో ఈఎస్‌సీ ఉందా లేదా చూస్తారు గానీ ఏఈబీకి మార్కులు లేవు. ఐదు స్టార్ల కారంటే గుద్దుకున్నాక కాపాడేది. గుద్దుకోకుండా చూడటం వేరే పద్దు.

ఐరాస్తే అని ఇంకో ప్రయత్నం జరిగింది. ఇంటెల్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని ఐనై కేంద్రం, కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్‌ఆర్‌ఐ కలిసి 2021లో నాగపూర్ సిటీ బస్సులతో మొదలుపెట్టి, తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకి కూడా పెట్టారు. అది బ్రేకు వేయదు, డ్రైవర్‌ని హెచ్చరిస్తుంది. అందులో నాకు నచ్చింది ఏంటంటే, ఏ చోట హెచ్చరికలు ఎక్కువ మోగుతున్నాయో మ్యాపు మీద గుర్తు పెడతారు. ఒకే మలుపు దగ్గర బస్సులన్నీ అరుస్తున్నాయంటే తప్పు డ్రైవర్లందరిదీ కాదు, ఆ మలుపుది. అక్కడ మనుషులు చనిపోయి బ్లాక్ స్పాట్ అయ్యేదాకా ఆగకుండా ముందే సరిచేయొచ్చు.

---

డీజిల్ బాబాయ్ | గురువారం, ఉదయం 6:55

ఈ మ్యాపు సంగతి బాగుందయ్యా. కారులో బొమ్మలకన్నా దీనికి డబ్బులు పెడితే నేనూ చందా ఇస్తాను. కానీ సొంత కారుకి నా మాట అదే. దాన్ని నమ్ముకుని కుర్రాళ్లు అద్దంలో చూడటం మానేస్తారు.

---

ఎన్‌హెచ్65_రెగ్యులర్ | గురువారం, ఉదయం 7:20

మానేసేవాళ్లు మానేస్తారు బాబాయ్ గారూ, వాళ్లు దీనికి ముందు కూడా ఫోన్ చూస్తూనే నడిపేవారు. ఫోన్ చూసేవాడి కారుకే ఏఈబీ ఉండాలని నేనంటాను. వాడి కోసం కాదు, వాడి ముందున్న స్కూటీ కోసం.

---

పాలేరు_వాగు | గురువారం, రాత్రి 8:40

అప్‌డేట్. ఇంకో కంపెనీ షోరూంకి వెళ్లాం. వాళ్లు బైపాస్ మీద నడపనిచ్చారు. లేన్ కీప్‌కి స్టీరింగ్ మీదే బటన్ ఉంది. రాడార్, కెమెరా రెండూ ఉన్నాయి. క్యాలిబ్రేషన్ ఖమ్మంలో లేదు, హైదరాబాద్‌లో చేస్తామని మెయిల్‌లో రాసిచ్చారు. నాన్నగారిని పక్క సీట్లో కూర్చోబెట్టాను. బ్లైండ్ స్పాట్ దీపం చూసి "ఇది బాగుందిరా" అన్నారు, బ్రేకు గురించి మాత్రం మాట్లాడలేదు. పై వేరియంట్ బుక్ చేశాం. రంగు తెలుపు. ఆవిడ గెలిచింది.

---

గ్యారేజ్ అన్న | గురువారం, రాత్రి 9:02

శుభం. ఫాస్టాగ్ కెమెరాకి దూరంగా అంటియ్యమని డెలివరీ రోజే చెప్పు. తర్వాత పీకితే పనికిరాదు.

---

పది టైర్లు | గురువారం, రాత్రి 9:37

శుభాకాంక్షలండీ. పిక్సెల్ గారూ, నా బండ్లు పాతవి. డ్రైవర్ కళ్లు చూసే కెమెరా బయట బిగిస్తున్నారని విన్నాను. మనవాళ్లు దాని మీద తువ్వాలు కప్పేస్తారని ఇంకో ఓనర్ చెప్పాడు. బ్రేకు కూడా వేసేది పాత బండికి పెట్టించొచ్చా?

---

పిక్సెల్ | గురువారం, రాత్రి 10:11

బ్రేకు వేసేది వద్దు సార్. అది కంపెనీలోనే ఎయిర్ బ్రేకు వ్యవస్థతో కలిపి చేయాల్సిన పని, బయట వైర్లు కలిపితే లేని ప్రమాదం తెచ్చుకున్నట్టు. హెచ్చరిక ఇచ్చేది పెట్టించొచ్చు. ఇన్‌ఫ్రారెడ్ ఉన్నది చూడండి, రాత్రిపూట కూడా కనురెప్పలు కనపడతాయి. కప్పేస్తే కప్పేశారని మీ ఫోన్‌కి మెసేజ్ పంపేవి ఉన్నాయి. కానీ ముందు డ్రైవర్లతో మాట్లాడండి. అది తమ మీద నిఘా అనుకుంటే తువ్వాలు కాకపోతే ఇంకోటి కప్పుతారు.

---

పది టైర్లు | గురువారం, రాత్రి 10:25

నిఘా అనే అనుకుంటారు. ఒక మాట చెప్పి చూస్తాను, అలారం మోగితే బండి పక్కన ఆపి అరగంట పడుకోండి, లోడు లేటైనా కిరాయిలో కోత ఉండదని. రేటు ఆటోనగర్‌లో కనుక్కుని ఇక్కడ పెడతాను.